స్లాబు కన్నా ముందు కాగితం
(వార్షిక మహాసభలో సమాఖ్య కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు కార్యదర్శి గారు ఇప్పుడే చదివి వినిపించారు. మేము మాట్లాడేది ఇంటి అనుమతి గురించి. "పొదుపు సంఘానికి, ఇంటి పర్మిషన్‌కు ఏం సంబంధం?" అని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. సంఘం అప్పుకు ఆస్తి తాకట్టు లేదు. పది మంది మాటే తాకట్టు. ఆ డబ్బుతో ఒక చెల్లె పైన రెండు గదులు వేసుకుంటే, ఆ గదుల మంచిచెడులు మిగతా తొమ్మిది మందికీ తగులుతాయి. అందుకే ఈ ముచ్చట ఇంట్లో మాట్లాడుకొని వదిలేసేది కాదు, సంఘం మీటింగులో మాట్లాడుకోవాల్సింది.

ముందు మనం ఉండే జాగ గురించి చెప్పుకుందాం. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. ఎకరానికి 4,840 గజాలు. లెక్క వేస్తే గజం రెండు లక్షల పైమాటే. అంత ధర పలికే నేల పక్కనే మన బస్తీలు ఉన్నాయి. మనలో కొందరికి 40 గజాలు, కొందరికి 60 గజాలు, అదృష్టం ఉన్నోళ్లకు 100 గజాలు. ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు గదులు వెతుక్కుంటూ మన గల్లీలకే వస్తారు. కాబట్టి ఇంకో అంతస్తు వేస్తే ఇంకో కిరాయి వస్తుందన్న ఆశ అందరికీ ఉంటుంది. ఆ ఆశ తప్పు కాదు. వితంతు అక్కలకు, ఒంటరి చెల్లెళ్లకు కిరాయే పింఛను. ఆ ఆశను ఏ కాగితం మీద నిలబెడుతున్నాం అన్నదే ప్రశ్న.

చాలామందికి ఇప్పటికీ ఒక భయం ఉంది. "పర్మిషన్ అంటే ఆఫీసు చుట్టూ తిరగాలె, మధ్యవర్తికి పైసలియ్యాలె" అంటరు. పద్ధతి మారింది అక్కా. 2020లో తెలంగాణ ప్రభుత్వం టీఎస్ బీపాస్ చట్టం తెచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌కు వచ్చింది. 2025లో బిల్డ్‌నౌ పేరుతో కొత్త విధానం మొదలైంది. వెబ్‌సైటు పేరు ఏదైనా, టీఎస్ బీపాస్ వేసిన మూడు దారులు మనకు తెలిసి ఉండాలి.

మొదటి దారి 75 గజాల లోపు ప్లాటుకు. సొంతానికి కట్టుకునే ఇల్లు, కింద ఒకటి పైన ఒకటి, ఎత్తు 7 మీటర్లకు మించకుండా ఉంటే అనుమతి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు, రుసుము ఒక్క రూపాయి.

రెండో దారి 75 గజాలు దాటి సుమారు 600 గజాల వరకు, ఎత్తు 10 మీటర్ల లోపు ఇళ్లకు. మన వివరాలు మనమే ధ్రువీకరించి, ఫీజు కడితే అప్పటికప్పుడే అనుమతి వస్తుంది.

మూడో దారి అంతకన్నా పెద్ద ప్లాట్లకు, ఎత్తైన భవనాలకు. అన్ని శాఖల అనుమతులు ఒకే కిటికీలో, 21 రోజుల్లో తేల్చాలి.

మన సభ్యుల్లో ఎక్కువమంది మొదటి దారిలో, కొందరు రెండో దారిలో వస్తారు. అంటే మనకు అనుమతి ఒక రూపాయి దూరంలోనో, ఒక ఫోను దూరంలోనో ఉంది. మరి కష్టం ఎక్కడ ఉంది? సంతకంలో ఉంది.

స్వీయ ధ్రువీకరణ అంటే ఏంది? ఇదివరకు అధికారి వచ్చి చూసి అనుమతి ఇచ్చేవాడు. ఇప్పుడు "ఈ జాగ నాది, ఇంత కొలత ఉంది, ఇంతే ఎత్తు కడతాను, చెరువులో లేదు, సర్కారు భూమి కాదు" అని మనమే రాసిస్తున్నాం. అధికారులు తర్వాత వచ్చి చూస్తారు. రాసిచ్చింది అబద్ధమని తేలితే అనుమతి రద్దు చేయొచ్చు. ముందస్తు నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా ఈ చట్టం ఇచ్చింది. నమ్మకం ఎంత పెరిగిందో బాధ్యత కూడా అంతే పెరిగింది. ఇంకొకరి ఫోనులో, ఇంకొకరు నింపిన దరఖాస్తు మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. చదవడం రాకపోతే ఆర్పీతో చదివించుకోండి. సంఘం తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టేముందు ఎంత జాగ్రత్తగా వింటామో, ఇక్కడా అంతే జాగ్రత్తగా వినాలి.

ఇప్పుడు ఎత్తు సంగతి. నమోదు చేసేది కింద ఒకటి, పైన ఒకటి. కట్టేది నాలుగు, ఐదు. ఇది మన గల్లీల్లో అందరూ చూస్తున్నదే. 2012 భవన నిబంధనల ప్రకారం 50 చదరపు మీటర్ల లోపు, అంటే దాదాపు 60 గజాల లోపు ప్లాటులో ఇంటి ఎత్తు 7 మీటర్లు దాటకూడదు. ముందు వైపు కనీసం ఒకటిన్నర మీటరు వదలాలి. ఈ నియమం ఎందుకు పెట్టారో మనకు సిద్ధిఖ్‌నగర్ చూపించింది. 2024 నవంబరు 19 రాత్రి అక్కడ చిన్న ప్లాటులో కట్టిన బహుళ అంతస్తుల భవనం ఒక పక్కకు ఒరిగింది. పక్క ప్లాటులో కొత్త ఇంటి పునాదికి గుంతలు తవ్వారు. లోపల ఉన్నవాళ్లు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. మర్నాడు జీహెచ్‌ఎంసీ యంత్రం తెచ్చి ఆ భవనాన్ని కూల్చింది. ప్రాణాలు పోలేదు, అది చాలా పెద్ద అదృష్టం.

అందులో మనకు రెండు పాఠాలున్నాయి. సన్నటి జాగలో ఎత్తుగా లేపిన ఇంటికి పునాది సరిపోవాలి, పక్కన ఖాళీ ఉండాలి. మనం పక్క ప్లాటులో తవ్వుతున్నా పక్కింటోళ్ల గోడను చూసుకోవాలి. ఇంజనీరును అడగకుండా మేస్త్రి మాట మీద గుంత లోతు పెంచొద్దు. మన సభ్యుల్లో ఎంతోమంది కట్టుబడి కూలికి పోయేటోళ్లే. గుంతలో దిగేది వాళ్లే. ఎవరి ఇల్లయినా, ఆ గుంతలో ఉండేది మనోళ్లేనని మరిచిపోవద్దు.

తర్వాత భూమి కాగితం. దరఖాస్తు సులువైంది గానీ భూమి కాగితం సులువు కాలేదు. బయానా ఇచ్చేముందే నాలుగు చూడండి.

ఒకటి, రిజిస్టర్ అయిన సేల్ డీడ్, దాని లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా? నోటరీ కాగితం చేతులు మారిందని చూపిస్తుందే గానీ, రిజిస్ట్రేషన్‌కు సాటి రాదు.

రెండు, ఈసీ తీయించండి. అదే జాగ ఇంకొకరికి అమ్మారా, బ్యాంకులో తాకట్టు ఉందా అన్నది అందులో కనిపిస్తుంది. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా అని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి.

మూడు, లేఅవుట్‌కు అనుమతి ఉందా? లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ సంగతి తేలకుండా ముందుకు పోవద్దు.

నాలుగు, చెరువు, కుంట, నాలా. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంట నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకన్నా వెడల్పైన వాగు, నాలా నుంచి 9 మీటర్లు, చిన్న నాలా నుంచి 2 మీటర్లు వదలాలి. హద్దు అంటే ఎండాకాలంలో నీళ్లున్న చోటు కాదు, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత. దాన్నే ఎఫ్‌టీఎల్ అంటారు. 2024 ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఒక పెద్ద కన్వెన్షన్ హాలునే చెరువు హద్దులో ఉందని హైడ్రా కూల్చింది. అంత పెద్దవాళ్లకే ఆగలేదు, మన రేకుల ఇంటికి ఆగుతుందా?

మీటింగుల్లో మీరు అడిగే ప్రశ్నలకూ జవాబు చెప్పుకుందాం.

"ఇంటి పన్ను కడుతున్నం, కరెంటు మీటరు ఉంది. ఇంక పర్మిషన్ ఎందుకు?" అని అడుగుతరు. పన్ను రసీదు అనుమతి కాదు. అనుమతి లేని కట్టడానికి కూడా పన్ను వేస్తారు. పైగా దాని మీద 100 శాతం వరకు జరిమానా కలుపుతారు. ప్రతి ఏటా రెట్టింపు కట్టినా ఆ ఇల్లు సక్రమం కాదు.

"గల్లీల అందరు కడుతున్నరు గదా?" అంటరు. కడుతున్నరు. కానీ కూల్చే రోజు గల్లీ అంతా మన పక్కన నిలబడదు. బ్యాంకు కిస్తీ మాత్రం మన పేరు మీదే ఉంటుంది. ఒక సభ్యురాలు మూడు లక్షలు తీసుకొని అనుమతి లేని అంతస్తు వేసిందనుకుందాం. ఆ అంతస్తు పోయింది, కిరాయి పోయింది. మూడు లక్షలు, వడ్డీ అట్లనే ఉంటాయి. ఆమె కట్టలేకపోతే సంఘం కట్టాలి. సంఘం కట్టలేకపోతే వచ్చే ఏడు పది మందికీ కొత్త అప్పు రాదు. ఒకరి స్లాబు కింద పది మంది పొదుపు ఉంటుంది.

"కింద షట్టర్ పెట్టి కిరాణా కొట్టు పెట్టుకుంటే?" మొదటి దారి సొంత నివాసానికే. దుకాణం పెట్టే ఆలోచన ఉంటే దరఖాస్తులోనే చెప్పండి. ట్రేడ్ లైసెన్సు వేరు, కరెంటు మీటరు కేటగిరీ కూడా వేరు.

"పేరు ఎవరిది పెట్టాలె?" ఇది అందరికన్నా తక్కువమంది అడిగే ప్రశ్న, అందరూ అడగాల్సిన ప్రశ్న. అప్పు మన పేరు మీద, కిస్తీ మన చేతి మీద, ఇల్లు మాత్రం మన పేరు మీద లేదు. డీడ్‌లో పేరున్నవాళ్ల పేరు మీదే అనుమతి వస్తుంది. అందుకే జాగ కొనే రోజే జాయింటుగా పేరు రాయించుకోండి. గొడవ కోసం కాదు, రేపు గూడు కోసం.

ఈ మాటలన్నీ విని కార్యవర్గం మూడు ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నది. ఇంటి కోసం అంతర్గత అప్పు ఇచ్చేముందు సేల్ డీడ్, ఈసీ, నమోదు పత్రం లేదా అనుమతి పత్రం జిరాక్సు సంఘం ఫైలులో పెట్టాలి. ప్రతి బస్తీ సమాఖ్య ఇద్దరు సభ్యులకు ఆన్‌లైన్ దరఖాస్తు నింపడం నేర్పించాలి, ఏ చెల్లె కూడా మధ్యవర్తి దగ్గరికి పోయే అవసరం రాకూడదు. అనుమతి ఎంత ఎత్తుకు ఉందో అంతకే అప్పు, పై అంతస్తుకు లేదు.

మూడో ప్రతిపాదన కొందరికి కష్టంగా ఉంటుందని మాకు తెలుసు. పక్కింటామెకు నాలుగు కిరాయిలు వస్తుంటే మనం రెండింటితో ఆగడం తేలిక కాదు. కానీ మన సంఘాలు నెలకు యాభై, వంద రూపాయలతో మొదలై ఇంతదాకా వచ్చింది ఆశతో కాదు, లెక్కతో. ఇల్లు కూడా ఆ లెక్కతోనే కట్టుకుందాం. రెండు గదులైనా ఎవరూ వేలు పెట్టి చూపలేని రెండు గదులు కావాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత ఈ మూడింటి మీద చేతులెత్తి మీ అభిప్రాయం చెప్పండి.