సర్వే నంబరు లేని డిస్కు

పక్క హాల్లో కూచిపూడి వదులుకుని ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

మా నాన్నగారి తరంలో అన్నదమ్ములు పొలం పంచుకుంటే కరణం, పెద్దమనుషులు, కొలత గొలుసు, ఇంత హడావిడి ఉండేది. గట్టు వేసే ముందు పదిసార్లు అడిగేవారు. లినక్స్‌ను చేత్తో ఇన్‌స్టాల్ చేస్తే అదీ అడుగుతుంది, ఈ డిస్కు చెరిపేయమంటారా అని. రెడ్‌హ్యాట్ వారి కిక్‌స్టార్ట్ అడగదు. జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసిపెడతాం. సర్వరు నెట్‌వర్కు నుంచి బూటై, ఆ ఫైలు చదువుకుని తన పని తాను చేసుకుపోతుంది. డెబియన్‌లో ఇలాంటిదాన్నే ప్రీసీడ్ అంటారు.

2009లో, నేను సింగపూరు వచ్చిన కొత్తలో, జురాంగ్ వైపు ఒక డేటా సెంటర్లో ఒక్క రాత్రిలో 40 సర్వర్లు సిద్ధం చేయాలి. ఎవరో రాసిన పాత ఫైలే వాడాను. అందులో 'క్లియర్‌పార్ట్ ఆల్' అని ఒక వాక్యం. ఉన్న పార్టిషన్లన్నీ తీసెయ్ అని అర్థం. ఏ డిస్కు మీద అన్నది రాయకపోతే కనబడిన ప్రతి డిస్కూ లెక్కలోకే వస్తుంది. 39 సర్వర్లలో లోపలి డిస్కులే ఉన్నాయి. నలభయ్యోదానికి వెనక ఫైబర్ కేబుల్ తగిలించి ఉంది. దాని చివర కస్టమర్ డేటా ఉన్న స్టోరేజి.

నాతో ఉన్న సీనియర్, గుంటూరాయన, స్క్రీను చూసి "తమ్ముడూ, ఆ కేబుల్ తీశావా?" అన్నారు.

"ఏ కేబులండీ?" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. టేపు బ్యాకప్ నుంచి చాలావరకు తిరిగొచ్చింది. చివరి రెండు రోజుల లెక్కలు రాలేదు. అకౌంట్స్ చూసే ఆవిడ కాగితం బిల్లులు ముందేసుకుని అన్నీ మళ్ళీ ఎక్కించారు. నేను పక్కన కూర్చుని బిల్లులు అందించాను.

తర్వాత ఫైల్లో 'ఎస్‌డీఏ మాత్రమే' అని రాసి, సరిపోయిందనుకున్నాను. ఖాళీ స్టోరేజి తగిలించి పరీక్షిస్తే ఎస్‌డీఏగా వచ్చింది ఆ స్టోరేజే! ఆ పేర్లు కెర్నల్‌కు డిస్కులు కనబడిన వరసను బట్టి వస్తాయి. ఒక్కోసారి రీబూట్‌కే మారతాయి. 'తూర్పు గట్టు నుంచి మూడో మడి' అని దస్తావేజు రాయించుకున్నట్టన్నమాట. డిస్కుకూ సర్వే నంబరు లాంటిది ఉంది, 'బై ఐడీ' పేరు. అందులో సాధారణంగా మోడలు, సీరియల్ నంబరు ఉంటాయి. 'ఇగ్నోర్‌డిస్క్ ఓన్లీ యూజ్' దగ్గర ఆ పేరు రాస్తే ఇన్‌స్టాలర్ మిగతా డిస్కుల జోలికి పోదు. సర్వర్లు ఎక్కువైతే నేను 'ప్రీ' స్క్రిప్టు వాడతాను. డిస్కుల సైజు, సీరియలు జాబితాతో సరిపోతేనే అది పార్టిషన్ వాక్యాలు రాస్తుంది. లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఇక ఫైల్‌సిస్టమ్. 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ 7 నుంచి, మనమేమీ చెప్పకపోతే వచ్చేది ఎక్స్ఎఫ్ఎస్. మంచిదే, కానీ దాన్ని పెంచగలం, కుదించడం మాత్రం కుదరదనే అనుకోండి. ఈఎక్స్‌టీ4నైతే అన్‌మౌంట్ చేసి కుదించవచ్చు. అందుకని ఎల్‌వీఎంలో ఉన్న చోటంతా మొదటి రోజే పంచేయకండి, కొంత బంజరుగా వదలండి. లాగులకు, నిక్కర్లు కాదండీ, లాగ్ ఫైళ్ళకు వేరే వాల్యూమ్ ఇవ్వండి. నిండినా వాటి గట్టు లోపలే నిండుతాయి.

నా ఫైలు నమూనా కాపీలు తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. సీరియల్ నంబర్లు మాత్రం మీవి మీరే రాసుకోవాలి. సెలవు.