పాత కారుకు కొత్త పాట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పింఛను సవరణ గురించీ, వైద్య సదుపాయాల గురించీ మాట్లాడటానికి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "ఆ పాత కారులో పాట ఎలా పెట్టారో చెప్పండి, అందరూ అడుగుతున్నారు" అని ఆదేశించారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఎక్స్ఛేంజిలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసినవాడికి వైర్ల గురించి మాట్లాడమంటే ఇరవై నిమిషాలు చాలవు గానీ ప్రయత్నిస్తాను.

కారు మా మామగారిది. ఆయన రాజమండ్రిలో ఎల్.ఎం.పి. డాక్టరు. 1953లో కొన్నారు. బేబీ హిందుస్థాన్ అనేవారు దాన్ని. ఇంగ్లండులో మోరిస్ మైనర్‌గా పేరుపడ్డ బండినే కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్‌వారు ఆ పేరుతో అమ్మేవారు. ముందు అద్దం మధ్యలో ఒక కమ్మీ, రెండు ముక్కలు. మలుపు తిరిగేటప్పుడు లైటు వెలగదు, తలుపు పక్క స్తంభంలోంచి చిన్న చెయ్యి బయటికి లేచి చూపిస్తుంది. తాళం తిప్పగానే పెట్రోలు పంపు టిక్కుటిక్కుమంటుంది. ఆ చప్పుడు ఆగితే పెట్రోలు ఎక్కిందని లెక్క.

రెండేళ్ల తర్వాత అందులో వాల్వు రేడియో పెట్టించారు. ఆ రోజుల్లో రేడియోకి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి, పుస్తకంలో బిళ్లలు అంటించాలి. 1985లో ఆ బాధ వదిలింది. సాయంత్రం పల్లెల్లో రోగుల్ని చూడటానికి వెళ్తూ మామగారు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకొనేవారు. ఆయన లోపల నాడి చూస్తుంటే ఈవిడ కారులో కూర్చుని విజయవాడ కేంద్రం వినేది. ఆవిడే తర్వాత, 1974లో, మా ఇంటికి వచ్చింది.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. 1984లో నాకు టేప్ రికార్డర్ల పిచ్చి. సెలవుకు రాజమండ్రి వెళ్లినప్పుడు, మామగారికి మంచి చేస్తున్నాననుకొని, ఆ రేడియోను ఊడదీసి కింద పెట్టి, అరలో క్యాసెట్ ప్లేయరు బిగించాను. అంతటితో ఊరుకోలేదు. రెండు ముందు తలుపులకూ ఇనుప రేకు కోసి గుండ్రటి స్పీకర్లు పెట్టాను. రంపం చప్పుడుకు మామగారు వరండాలోకి వచ్చి నిలబడి చూశారు. "బాగా వినపడుతుందా అల్లుడుగారూ?" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్లిపోయారు. ఆ మాటలోని సంగతి నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

తలుపు అద్దం పక్కనుంచి దిగే వాననీళ్లు తలుపు లోపలికి జారి, అడుగునున్న సన్న బెజ్జాలగుండా బయటికి పోవాలి. అది బండి కట్టినవాడి ఏర్పాటు. నేను కోసిన చోట ఆ నీళ్లు స్పీకరు మీద పడి, అట్ట నాని, రేకు అంచు తుప్పు పట్టింది. మూడు వర్షాకాలాలు గడిచేసరికి స్పీకర్లు మూగపోయాయి. తుప్పు మాత్రం పెరుగుతూనే ఉంది. క్యాసెట్ ప్లేయరు అంతకుముందే పోయింది.

మామగారు 1991లో కాలం చేశారు. 1998లో బావమరిది ఇల్లు అమ్ముతూ కారును మాకు పంపించాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటకమీద ఒక మూట దొరికింది. పాత పంచెలో చుట్టిన ఆ వాల్వు రేడియో. పక్కనే హార్లిక్సు సీసాలో దాని మరలు, వాషర్లు, రెండు బిగింపు పట్టీలు, చిన్న కాగితం మీద ఆయన చేతిరాతతో ఏ మర ఎక్కడిదో. నేను ఊడదీసి నేలమీద పడేసినవాటిని ఆయన ఒక్కొక్కటీ ఏరి దాచారన్న మాట. నాతో ఎప్పుడూ అనలేదు.

పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఒకటి ఉంది, ఫీవా అంటారు. వాళ్ల టురిన్ నియమావళి ఇటీవల చదివాను. పాత బండికి ఏదైనా చేర్చక తప్పకపోతే అది కంటికి కొట్టొచ్చినట్లు ఉండకూడదు, తిరిగి తీసేయడానికి వీలుగా ఉండాలి, తీసిన అసలు భాగాలను బండితోనే భద్రపరచాలి అని దాని సారం. మా మామగారు ఆ పని హార్లిక్సు సీసాతో చేశారు. మన ప్రభుత్వం కూడా 2021లో వింటేజి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చనివాటికి నంబరులో వీఏ అనే అక్షరాలు ఇస్తారు. రేడియో మార్చినంత మాత్రాన ఆ నిబంధన అడ్డురాదు. అడ్డు వచ్చింది మా ఆవిడ.

2022లో మా అబ్బాయి విదేశం నుంచి వచ్చి, "నాన్నా, ఇందులో పెద్ద టచ్ స్క్రీన్ స్టీరియో పెట్టిస్తాను, అమ్మ తనకు కావలసిన పాటలు వినొచ్చు" అన్నాడు. ఆవిడ వంటింట్లోంచే సమాధానం చెప్పింది. "పాటలు నాకూ కావాలి. కానీ మా నాన్నగారి బండికి మళ్లీ రంపం తగిలిందంటే పుట్టింటికి వెళ్లే వయసు నాకు లేదు గనక మీరే ఎక్కడికైనా వెళ్లండి" అంది. పైగా ఇంకో షరతు. పాట మునుపు వచ్చిన చోటునుంచే రావాలట.

సరే, ముందు నా పాపం కడగాలి. టింకరింగ్ మేస్త్రి ఒకాయన తుప్పు మేరకు కోసి, అదే మందం రేకు అతికి, నున్నగా రుద్దాడు. దానికే రెండు నెలలు. అతను అడిగింది ఒకటే, "ఎవడు సార్ ఈ బొక్కలు పెట్టింది?" అని. ఎవడో తెలియదన్నాను. ఇంత పెద్ద సభలో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాత రేడియో. అందులో వాల్వులకు రెండు వందల వోల్టుల పైచిలుకు కావాలి. బ్యాటరీ ఇచ్చేది పన్నెండు. ఆ తేడా పూడ్చడానికి వైబ్రేటరు అని ఒక డబ్బా ఉంటుంది. మన రిలే బంధువే. నిమిషానికి వేలసార్లు కొట్టుకుంటూ కరెంటును ముక్కలు చేసి ట్రాన్స్‌ఫార్మరుకు అందిస్తుంది. ఇన్నేళ్లు మూలపడ్డ సెట్టును ఒక్కసారిగా బ్యాటరీకి తగిలించకూడదు. ఎండిపోయిన కండెన్సర్లు షార్టయి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. నేను ముందు కాగితం కండెన్సర్లూ, ఎలక్ట్రోలిటిక్‌లూ మార్చి, ఒక హెడ్‌లైటు బల్బును వరుసలో పెట్టి కరెంటు ఇచ్చాను. బల్బు నిండుగా వెలిగితే లోపల షార్టున్నట్లు. మందంగా వెలిగింది. కాసేపటికి వాల్వులు ఎర్రబడ్డాయి, జుయ్‌మంటూ వైబ్రేటరు పలికింది. స్పీకరు కాగితం అంచు చిరిగితే పల్చటి కాగితం, జిగురుతో అతికాను.

ఇక ఫోనులోని పాటను ఆ సెట్టులోకి ఎక్కించాలి. బ్లూటూత్ అందుకొనే అగ్గిపెట్టెంత బిళ్ల ఒకటి బజారులో దొరుకుతుంది. దాని ఎడమ, కుడి వైర్లను చెరో రెసిస్టరుతో కలిపి ఒకటి చేసి, మధ్యలో ఒక కండెన్సరు పెట్టి, వాల్యూం కంట్రోలు దగ్గర ఇవ్వాలి. అక్కడికి డిటెక్టరు నుంచి వచ్చే పాత వైరును తెంపలేదు, టంకం కరిగించి విడదీసి, సెట్టు వెనుక కనపడని చోట చిన్న స్విచ్చికి తెచ్చాను. అటు వేస్తే రేడియో, ఇటు వేస్తే ఫోను. వైరు వచ్చింది సెట్టుకు ఉన్న పాత బెజ్జంలోంచే.

ఇంతవరకూ తేలికే. దెబ్బ తిన్నది ఆ బిళ్లకు కరెంటు ఇచ్చే దగ్గర. మిత్రులారా, మన ఎక్స్ఛేంజి బ్యాటరీ గుర్తుందా? ప్లస్‌ను ఎర్త్ చేసేవాళ్లం, కేబుళ్లను తుప్పు తినేయకుండా. ఈ మోరిస్ కూడా అంతే. బండి ఇనుము మొత్తం ప్లస్. ఇప్పటి కార్లన్నీ దానికి తలకిందులు, ఇనుము మైనస్. అదే తెలిసినవాణ్ణి గనక, చార్జరు ప్లస్ వైరును బాడీకి, మైనస్‌ను బ్యాటరీ లైనుకు సరిగ్గానే కలిపాను. ఫోను చార్జి ఎక్కింది. గర్వపడ్డాను. ఆ చార్జరునుంచే బ్లూటూత్ బిళ్లకు కరెంటు ఇచ్చి, పాట వైరు పైపొరను రేడియో డబ్బాకు తగిలించానో లేదో, పుల్ల గీసినట్లు వైరు పొగలు కక్కింది. ఏం జరిగింది? పాట వైరు పైపొర బిళ్ల మైనస్‌కు కలిసి ఉంటుంది. రేడియో డబ్బా బండి ఇనుముకు కలిసి ఉంటుంది, అంటే ప్లస్‌కు. పన్నెండు వోల్టులూ ఆ వెంట్రుకంత వైరులోంచి పోయాయి. ముప్పై ఎనిమిదేళ్లు ప్లస్ ఎర్త్ మధ్య బతికినవాడు చేయవలసిన పని కాదిది. మా ఆవిడ వాసన పట్టి బయటికి వచ్చింది గానీ ఏమీ అనలేదు. వాళ్ల నాన్నగారి పోలిక.

ఆ బిళ్లకు ఇప్పుడు దానిదైన చిన్న లిథియం బ్యాటరీ ఉంది. బండి కరెంటుతో దానికి సంబంధం లేదు గనక ఏ ఎర్త్‌తోనూ పేచీ లేదు. వారానికోసారి ఇంట్లో చార్జి చేస్తాను. ఇన్‌పుట్టుకూ ఔట్‌పుట్టుకూ లోపల తెగతెంపులున్న కన్వర్టర్లు కూడా ఉన్నాయి, వాటితోనూ పని జరుగుతుంది. కొనేటప్పుడు "ఐసొలేటెడ్" అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

ఒక మెకానిక్ "మొత్తం బండినే మైనస్ ఎర్త్‌కు తిప్పేద్దాం సార్, ఒక పూట పని" అన్నాడు. అబద్ధం కాదు. బ్యాటరీ తిప్పి కట్టి, డైనమో ఫీల్డుకు ఒక్క క్షణం కరెంటు తాకించి దాని అయస్కాంతాన్ని కొత్త దిక్కుకు మళ్లించి, ఇగ్నిషన్ కాయిల్ వైర్లు మార్చితే సరి. చాలామంది చేసుకున్నారు, వాళ్లను నేను తప్పుపట్టను. నేను ఒప్పుకోకపోవడానికి కారణం వేరు. మా రేడియో ప్లస్ ఎర్త్‌కు కట్టినది. పైగా నా తర్వాత ఈ బండిని ముట్టుకొనేవాడు పాత పుస్తకం చూసి బ్యాటరీ బిగిస్తే తలకిందులవుతుంది. చెప్పడానికి అప్పుడు నేను ఉండను.

పాట వచ్చింది. అక్కడినుంచే వచ్చింది. ఘంటసాలవారి గొంతు ఆ పాత స్పీకరులో కాస్త ముక్కుతో పలికినట్లు ఉంటుంది, అయినా మా ఆవిడకు అదే సరైన గొంతు. వీధుల్లో తిరిగినంతసేపూ బాగుంది. హైవే ఎక్కామా, బండి చప్పుడులో రెండు మూడు వాట్ల రేడియో ఏం వినపడుతుంది? ఆవిడకు కుడిచెవి ఇప్పుడు సగమే.

అబ్బాయి మళ్లీ స్టీరియో మాట ఎత్తాడు. అప్పుడు కాగితం తీసి లెక్క వేసి చూపించాను. ఈ డైనమో ఎంత పరుగెత్తినా ఇచ్చేది ఇరవై ఆంపియర్ల లోపే. రాత్రిపూట హెడ్‌లైట్లకు ఆరేడు, ఇగ్నిషన్‌కు మూడు, వైపరుకు రెండు మూడు, పంపుకూ వెనుక లైట్లకూ మరో రెండు. పద్నాలుగూ పదిహేనూ అక్కడే పోతాయి. రేడియోకు మూడు నాలుగు. ఇక రెండు వందల వాట్ల ఆంప్లిఫయరుకు పదహారు ఎక్కడినుంచి తేవాలి? సిగ్నల్ దగ్గర ఆగితే డైనమో ఏమీ ఇవ్వదు, అంతా బ్యాటరీయే. వాడు లెక్కను రెండుసార్లు చూసి ఒప్పుకున్నాడు.

అందుకని ప్లైవుడ్‌తో ఒక పెట్టె చేయించాను. వెనుక సీటు ముందు, కాళ్ల దగ్గర కూర్చుంటుంది. అడుగున గొంగళి ముక్క, చుట్టూ పాత సీటు రంగుకు కలిసే రెక్సిన్. లోపల రెండు మంచి స్పీకర్లు, వేడెక్కని కొత్తరకం క్లాస్-డి ఆంప్లిఫయరు, యూపీఎస్‌లలో వాడే పన్నెండు వోల్టుల ఏడు ఆంపియర్-అవర్ బ్యాటరీ. మామూలు గొంతులో గంటకు ఒక ఆంపియరు లోపే తింటుంది. రాజమండ్రి వెళ్లేలోపు మధ్యలో ఒకసారి భోజనానికి ఆగుతాం గనక సరిపోతుంది. బ్రేకు వేసినప్పుడు జరగకుండా సీటు చట్రానికి తోలు పట్టీ చుట్టాను. ఒక్క మర కూడా బండికి పడలేదు. పెట్టె తీయడానికి రెండు నిమిషాలు.

ఒక సలహా కూడా చెప్పేస్తాను, తర్వాత అడుగుతారు గనక. పాత బండిలో పాటతోపాటు టపటపమని చప్పుడు వస్తే అది స్పార్కుల పుణ్యం. వేగంతోపాటు ఈల పెరిగితే డైనమోది. కాయిలు దగ్గర, డైనమో దగ్గర ఒక్కో సప్రెసరు కండెన్సరు బిగిస్తే చాలావరకు పోతుంది. ఆ సీసాలో మామగారు దాచిన సామానులో అవి కూడా ఉన్నాయి. పట్టీలు పాతవే వాడి, కండెన్సర్లు కొత్తవి వేశాను. పాతవి మళ్లీ సీసాలోనే ఉన్నాయి. నేను మార్చినవాటి జాబితా కూడా ఒక కాగితం మీద రాసి ఆయన కాగితం వెనుక పెట్టాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కారు బయట వేపచెట్టు కింద ఉంది, మా ఆవిడ అందులోనే కూర్చుని ఉంది. కాఫీలయ్యాక వచ్చి చూడండి, వినండి. తలుపులు మాత్రం కాస్త మెల్లగా వేయండి.