తిన్నవా బిడ్డా? – ఫుడ్ బ్యాంక్ గురించి మనం బయటికి మాట్లాడుకోని సంగతులు

బస్సులోనో, వేర్‌హౌస్ బ్రేక్ రూమ్‌లోనో, ట్రక్కు తోలుతూనో వింటున్న వాళ్లందరికీ స్వాగతం. వినే టైం దొరకని వాళ్ల కోసం మాట్లాడిందంతా ఎప్పటిలాగే ఇక్కడ రాసి పెడుతున్నాం.

పోయిన వారం బ్రాంప్టన్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. "అన్నా, పనిలో గంటలు తగ్గించిండ్రు. రెంట్ కట్టినంక అరవై డాలర్లు మిగిలినయ్. ఫుడ్ బ్యాంక్‌కి పోతే రేపు పీఆర్‌కి ఏమన్న అడ్డం వస్తదా? ఇంట్ల తెలుస్తదా?" అంతే, నలభై సెకన్ల మెసేజ్. చివరి ప్రశ్న దగ్గర మాత్రం గొంతు మారింది. నేను దాన్ని మూడుసార్లు విన్నా. ఎందుకంటే ఆ ప్రశ్న ఒకప్పుడు నాది కూడా.

ముందు జవాబు చెప్పేస్తా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఫుడ్ బ్యాంక్ గవర్నమెంట్ ఆఫీసు కాదు. అది చారిటీ. గవర్నమెంట్ డబ్బు రూపంలో ఇచ్చే సోషల్ అసిస్టెన్స్ వేరు, అంటే ఒంటారియోలో అయితే ఒంటారియో వర్క్స్ లాంటిది. ఫుడ్ బ్యాంక్‌లో తీసుకున్న బియ్యం, పప్పు దాని కిందికి రావు. ఇంకా అనుమానం ఉంటే లైసెన్స్ ఉన్న కన్సల్టెంట్‌ని అడుగు, వాట్సాప్ గ్రూపుని కాదు. ఇక ఇంట్లో తెలియడం సంగతి అంటావా, నువ్వు చెబితేనే తెలుస్తుంది.

ఇప్పుడు నా కథ. నేను 2019 సెప్టెంబర్‌లో వచ్చా, స్టూడెంట్‌గా. అప్పటికి జీఐసీ పదివేల డాలర్లు. మొదట ఒక రెండు వేలు చేతికొస్తాయి, మిగతాది నెలనెలా కొంచెం కొంచెంగా వేస్తారు. నాన్న తెచ్చిన అప్పులోంచి వచ్చిన డబ్బే అది. బేస్‌మెంట్‌లో నలుగురం. జనవరికి పనిలో షిఫ్టులు పడిపోయాయి, పండగ సీజన్ అయిపోయింది కదా. రెండు వారాలు అన్నం, పచ్చడి, గుడ్డు. తర్వాత గుడ్డు కూడా లేదు.

ప్రతి రాత్రీ అమ్మ ఫోన్ చేసేది. మాది ఖమ్మం పక్క. మనవాళ్లకు హలో ఉండదు కదా, మొదటి మాటే "తిన్నవా బిడ్డా? ఏం కూర?" నేను రోజుకో కూర పేరు చెప్పేవాణ్ణి. బీరకాయ అన్నా ఒకరోజు. "అక్కడ బీరకాయ దొరుకుతదా?" అని అమ్మ సంబరపడింది. దొరుకుతుంది, నిజమే, కానీ ఆ ధరకి కొనే స్థితిలో నేను లేను.

మా రూమ్మేట్ ఒకడు, భీమవరం వాడు, ముందు తనే వెళ్లొచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. ఫ్రిజ్‌లో పాలు కనిపించేసరికి అడిగాం. వాడు తల దించుకున్నాడు. దొంగతనం చేసినవాడిలా. ఆ శనివారం వాడితో నేనూ వెళ్లా.

ఒక చర్చి బేస్‌మెంట్. బయట లైన్, మైనస్ పదిహేను. హుడీ ముఖం మీదికి లాక్కుని నిలబడ్డా, మనవాళ్లెవరైనా చూస్తారేమోనని. చూశారు కూడా. మా క్లాస్ అమ్మాయి ఒకామె, నాలుగు అడుగుల ముందు అదే లైన్లో ఉంది. ఇద్దరం ఫోన్లోకి చూసుకున్నాం.

లోపల ఒక పెద్దావిడ కంప్యూటర్ ముందు కూర్చుంది. పేరు, పుట్టిన తేదీ, ఇంట్లో ఎంతమంది, అడ్రస్ ప్రూఫ్. బేస్‌మెంట్ ఓనర్ క్యాష్ తీసుకుంటాడు, కాగితం ఇవ్వడు. బ్యాంక్ స్టేట్‌మెంట్ మీద అడ్రస్ ఉంటే చాలంది ఆవిడ. ఎందుకొచ్చావని మాత్రం అడగలేదు. "పప్పులు వండుకుంటావా?" అని అడిగింది. వండుకుంటానన్నా. ఎండు పప్పుల సంచులు ఎవరూ తీసుకోవడం లేదట, ఎలా వండాలో తెలియదంటారట. మూడు సంచుల మైసూరు పప్పు, రెండు సంచుల శనగలు పెట్టేసింది. మైసూరు పప్పు ఎగుమతిలో ప్రపంచంలో ముందుండే దేశాల్లో కెనడా ఒకటి, పండేది ఎక్కువగా సస్కాచెవాన్‌లో. మన ఊరి కిరాణా కొట్టులో ఎర్రపప్పు కొన్నప్పుడు అది ఇక్కడిదే అయ్యుండొచ్చు. అంత దూరం వచ్చిన మనకి ఇక్కడి పప్పు చర్చి బేస్‌మెంట్‌లో దొరికింది.

ఆ సంచితో వచ్చిన వంటల గురించి ఒక ఎపిసోడే చేయొచ్చు. టిన్ను టమాటాలతో పప్పు బాగా కుదురుతుంది, పులుపు ఎక్కువ కాబట్టి చింతపండు తగ్గించుకోవాలి. టిన్ను శనగల నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి వేయించుకుంటే గుగ్గిళ్లు. టూనా టిన్నుతో ఉల్లిపాయ, కారం వేసి ఇగురు. పీనట్ బటర్ సీసా చూసి ఏం చేయాలా అనుకున్నాం. భీమవరం వాడు అందులో పచ్చిమిర్చి, కాస్త చింతపండు, ఉప్పు వేసి తిప్పి తాలింపు పెట్టాడు. పల్లీ చట్నీ! కొంచెం తియ్యగా ఉంటుంది, చక్కెర లేని రకం దొరికితే ఇంకా బాగుంటుంది. ఆ రాత్రి అమ్మ "ఏం కూర?" అంటే "టమాట పప్పు" అన్నా. చాలా రోజుల తర్వాత నిజం చెప్పా.

సరే, అసలు ఇది ఎలా నడుస్తుందో చెప్పాలి. ఫుడ్ బ్యాంక్ అంటే పెద్ద గోదాము ఒకటి, దాని కింద ఊరంతా చిన్న చిన్న సెంటర్లు. చర్చిలు, గుడులు, కమ్యూనిటీ సెంటర్లు. సరుకు కొంత విరాళం, కొంత సూపర్‌మార్కెట్లలో మిగిలింది, కొంత చందా డబ్బుతో హోల్‌సేల్‌గా కొన్నది. కొన్నిచోట్ల ముందే కట్టిన సంచి ఇస్తారు, కొన్నిచోట్ల షాపులోలాగా మనమే అల్మారాల్లోంచి తీసుకోవచ్చు. వారానికోసారా, నెలకోసారా అన్నది సెంటర్‌ని బట్టి. మీ పోస్టల్ కోడ్‌కి ఏ సెంటరో ఆ సెంటర్‌కే వెళ్లమంటారు చాలాచోట్ల. ఎక్కడుందో తెలియకపోతే 211కి ఫోన్ చేయండి, ఫ్రీ. ఇంగ్లిష్ ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు. వెజిటేరియన్ అని, హలాల్ అని, పసిపాప ఉందని ముందే చెప్పండి. చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

డేట్ దాటిన టిన్ను ఇచ్చారని ఒకామె మన గ్రూపులో ఫొటో పెట్టి గొడవ చేసింది ఆమధ్య. అక్కా, 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ దాకా రుచి, తాజాదనం పూర్తిగా ఉంటాయని. దాటితే పాడైపోయిందని కాదు. 'ఎక్స్‌పైరీ' అనేది వేరు, పసిపిల్లల ఫార్ములా లాంటి కొన్నిటికే ఉంటుంది, అది దాటితే వాడకూడదు. టిన్ను ఉబ్బినా, తుప్పు పట్టినా పారేయండి.

ఇక్కడ ఇంకో మాట. ఊళ్లో మనకి రేషన్ షాపు ఉంది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం పెట్టిన దగ్గర్నుంచి మన ఇళ్లలో అది అలవాటైన మాట. 2013 నుంచి ఆహార భద్రత చట్టం కూడా ఉంది. కార్డు ఉంటే అది మన హక్కు, డీలర్ ఇవ్వకపోతే పోట్లాడతాం. ఫుడ్ బ్యాంక్ అలా కాదు. ఉంటే ఇస్తారు, అయిపోతే లేదంటారు. కెనడాలో మొదటిది 1981లో ఎడ్మంటన్‌లో పెట్టారు, గడ్డు రోజులు గట్టెక్కడానికి అని. ఆ గడ్డు రోజులు నలభై ఏళ్లు దాటినా పోలేదు.

పోకపోగా పెరిగాయి. ఫుడ్ బ్యాంక్స్ కెనడా వాళ్లు ఏటా మార్చి నెలలో లెక్క తీస్తారు. 2019 మార్చిలో పది లక్షల పైచిలుకు విజిట్లు. 2024 మార్చిలో ఇరవై లక్షలు దాటింది. 2025 మార్చిలో దాదాపు ఇరవై రెండు లక్షలు. వచ్చేవాళ్లలో మూడో వంతు పిల్లలు. ఐదుగురిలో దాదాపు ఒకరికి ఉద్యోగమే ప్రధాన ఆదాయం. అంటే పని చేస్తూ కూడా చాలక వస్తున్నారు. మిస్సిసాగా 2024 నవంబర్‌లో, టొరంటో ఆ తర్వాతి నెలలో ఆహార కొరతని ఎమర్జెన్సీగా ప్రకటించాయి. కాబట్టి తమ్ముడూ, ఆ లైన్లో నువ్వొక్కడివే తప్పు చేసి నిలబడ్డట్టు అనుకోకు.

ఇప్పుడు చేదు సంగతి. 2023 చివర్లో బ్రాంప్టన్‌లోనే ఒక ఫుడ్ బ్యాంక్ ఇంటర్నేషనల్ స్టూడెంట్లని ఇక తీసుకోం అంది. 2024లో గ్రేటర్ వాంకూవర్ ఫుడ్ బ్యాంక్ మొదటి ఏడాది స్టూడెంట్లకి ఇవ్వలేమంది. వాళ్ల వాదన సూటిగానే ఉంది: ఖర్చులకి డబ్బు ఉందని కాగితం చూపించే కదా వీసా తీసుకున్నారు? నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే సగం వాళ్ల వైపూ ఉన్నాననిపించింది. గోదాము ఖాళీ అవుతుంటే ఎవరో ఒకరిని ఆపాలి. కానీ ఆ కాగితం సంగతి మనకు తెలియదా? ఏళ్ల తరబడి పదివేలు అన్నారు, అద్దెలు రెట్టింపయ్యాయి. 2024 జనవరి నుంచి 20,635 డాలర్లు చేశారు, 2025 సెప్టెంబర్ నుంచి 22,895. బ్యాంకులో చూపించిన డబ్బు చాలామంది ఇళ్లలో పొలం మీద అప్పు. అది వారం తిరక్కుండా వడ్డీకి వెనక్కి వెళ్లిపోయిన కేసులూ నాకు తెలుసు. కాగితం మీద ఉన్న డబ్బు ఇంట్లో పొయ్యి వెలిగించదు.

మనవైపు తప్పు లేదా? ఉంది. 2024లో ఒక వీడియో తిరిగింది, మంచి జీతం ఉన్న ఒక కుర్రాడు 'నేను ప్రతి నెలా ఇంత ఆదా చేస్తున్నా, సరుకులన్నీ ఫ్రీ' అని కాలేజీ ఫుడ్ బ్యాంక్ సంచి చూపిస్తూ. దేశమంతా తిట్టింది, అతన్ని కాదు, మనందర్నీ. కొత్తగా వచ్చేవాళ్లకి 'డబ్బు సేవింగ్ టిప్' అని ఇది చెప్పే తెలుగు రీల్స్ కూడా చూశాను. దయచేసి అలా చేయొద్దు. ఐఫోన్ ఈఎంఐ కోసం ఆ లైన్లో నిలబడొద్దు. నిజంగా గడవనప్పుడు మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఈ రెండిటికీ తేడా మనకు తెలుసు, ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు.

ఒక సెంటర్ కాదంటే దారులు మూసుకుపోయినట్టు కాదు. చాలా యూనివర్సిటీల్లో, కాలేజీల్లో స్టూడెంట్ యూనియన్ నడిపే ఫుడ్ బ్యాంక్ ఉంటుంది, అది మీ కోసమే. బీసీలో ఉన్నవాళ్లకి సర్రే వైపు గురు నానక్ ఫుడ్ బ్యాంక్ ఉంది, 2020 జులైలో మొదలైంది, స్టూడెంట్లకి పెద్ద ఆసరా. ఇక గురుద్వారా లంగర్ సంగతి వేరే చెప్పాలా? తల మీద గుడ్డ కట్టుకుని కింద కూర్చుంటే చాలు, ఎవరివని అడగరు. మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు కూడా అంతేగా, వేళ కాని వేళలో గోదావరి దాటి వచ్చినవాళ్లకీ వండి పెట్టింది. వాళ్లది మనకి కొత్త అలవాటేం కాదు. ఊరు దాటాక మనం మర్చిపోయాం.

మర్చిపోయాం అన్నందుకు కొందరు నొచ్చుకుంటారు. నిజమే, మన అసోసియేషన్లు సంక్రాంతికీ ఉగాదికీ ఫుడ్ డ్రైవ్‌లు పెడుతుంటాయి, సంతోషం. చిన్న సలహాలు: టిన్నుల కన్నా డబ్బు ఇస్తే వాళ్లు హోల్‌సేల్‌లో ఎక్కువ కొనగలరు. సరుకే ఇవ్వాలనుకుంటే బియ్యం, కందిపప్పు, నూనె, డైపర్లు. క్రిస్మస్‌కి అందరూ ఇస్తారు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ఎండాకాలంలో అల్మారాలు ఖాళీ. ఇంట్లో పెట్టిన ఆవకాయ మాత్రం తీసుకోరు, ఎంత ప్రేమతో పెట్టినా సరే. రూల్. మా ఆవిడ ఒకసారి జాడీతో వెళ్లి జాడీతోనే తిరిగొచ్చింది.

అవును, ఇప్పుడు నెలకి రెండు శనివారాలు నేను అదే చర్చి బేస్‌మెంట్‌లో సంచులు కడుతున్నా. ఆ పెద్దావిడ ఇప్పుడు రావడం లేదు, మోకాళ్ల నొప్పి. ఆమె కుర్చీలో ఒక్కోసారి నేనే కూర్చుంటాను. హుడీ ముఖం మీదికి లాక్కున్నవాడు వస్తే గుర్తుపడతా. "అన్నా, తెలుగా?" అని వాళ్లడిగితేనే తెలుగులో మాట్లాడతా. అడగకపోతే ఇంగ్లిష్‌లోనే. అది వాళ్లిష్టం.

బ్రాంప్టన్ తమ్ముడికి మొన్న నేనే ఫోన్ చేశా. గురువారం అపాయింట్‌మెంట్ దొరికిందట. ఏం తీసుకెళ్లాలని అడిగాడు. ఐడీ, బ్యాంక్ స్టేట్‌మెంట్, రెండు గట్టి సంచులు, బస్సు పాస్ అన్నా. బరువు ఉంటుంది, రూమ్మేట్‌ని తోడు తీసుకెళ్లమన్నా. "వాడికి చెప్పలే అన్నా" అన్నాడు. చెప్పు తమ్ముడూ. వాడి ఫ్రిజ్ కూడా ఖాళీగానే ఉండి ఉంటుంది.

వచ్చే వారం ట్యాక్స్ ఫైలింగ్ గురించి, స్టూడెంట్లు వదిలేసుకుంటున్న క్రెడిట్ల గురించి మాట్లాడుకుందాం. ప్రశ్నలుంటే వాయిస్ మెసేజ్ పంపండి. పేరు చెప్పక్కర్లేదు.