పెడలు దగ్గర టక్కుమంటే

పాలక్యాన్లు కట్టిన మీ సైకిలు ఎత్తు ఎక్కేటప్పుడు పెడలు దగ్గర టక్, టక్ మంటోందా? చైనుకు నూనె పోసి ఊరుకోకండి. ఒక క్రాంకు పట్టుకుని ఫ్రేము వైపుకీ, బయటికీ ఊపి చూడండి. ఆ ఒక్కటే కదిలితే కాటరు పిన్ను వదులైంది. రెండు క్రాంకులూ కలిసి కదిలితే లోపల ఇరుసో, కప్పులో, గోళీలో అరిగాయన్నమాట.

పిన్ను తీసేటప్పుడు నట్టును పూర్తిగా ఊడదీయకండి. మర చివరిదాకా వదులు చేసి, క్రాంకు కింద దుంగ ఆనించి, అప్పుడు సుత్తితో కొట్టండి. ఆనిక లేకపోతే దెబ్బంతా గోళీల మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి.

అసలు చిక్కు చైను వైపు కప్పుతో. మన పెద్ద సైకిళ్ళలో దాని మర తిరగేసి ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక రెంచికి పైపు తగిలించి మరీ బలం చూపేవాళ్ళున్నారు! ఫ్రేములో మర చెడిందంటే ఇక కొత్త కప్పు కూడా నిలవదు.

గోళీలు పావు అంగుళంవి, సాధారణంగా పక్కకు 11. చాలామంది వీటినే మార్చి సరిపెడతారు. ఇరుసు మీద గోళీలు తిరిగే చోట గోరుతో గీరండి. గుంట తగిలితే ఇరుసూ, కప్పులూ కూడా మార్చాల్సిందే; ఖర్చుకు వెనకాడితే కొత్త గోళీలూ దక్కవు.

గ్రీజు దండిగా పెట్టండి. ఎడమ కప్పును ఇరుసు ఊగకుండా, అలాగని పట్టేయకుండా సరిచేసి లాకు రింగు బిగించండి. రెండు క్రాంకులూ ఒకే వరుసలో లేకపోతే ఒక పిన్ను తిరగబడి ఎక్కినట్టే. తీసి మళ్ళీ వేయండి. రెండు రోజులు తొక్కాక పిన్ను నట్లు మరోసారి బిగించుకోండి.