కొలత గల వేడి
టెంపరేచర్ కంట్రోల్డ్ సోల్డరింగ్ స్టేషన్ అమరిక, వాడకం

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



సభలో ఒక ప్రసంగమైనా చేతిపనిని గూర్చి ఉండాలని కార్యవర్గంవారు కోరారు. మన సంఘం ద్వారా రిపేరు పని నేర్చుకోదలచిన యువకులు, యువతులు ఈ సభలో చాలామందే ఉన్నారు. వారికి సంఘం ఏ పనిముట్టు ఇవ్వాలి అన్న ప్రశ్న కూడా మన ముందు ఉన్నది. కావున సోల్డరింగ్ స్టేషన్ అనే పరికరాన్ని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఈ పని తెలియని అమ్మలు, అక్కలు కూడా దయచేసి వినండి. ఇందులో ఇంటి క్షేమానికి సంబంధించిన మాటలు కూడా ఉన్నాయి.

కళాయి సాయిబు నేర్పిన పాఠం

సోల్డరింగ్ అంటే కొత్తదేమీ కాదు. బిందెలకు మాట్లు వేయడం మనవాళ్ళకు తరతరాలుగా తెలిసిన పనే. ఒకప్పుడు మన పల్లెల్లో కళాయి సాయిబు అంటే తెలియని ఇల్లు లేదు. ఇత్తడి గిన్నెకు ఆయన కళాయి పోసే తీరు చూసినవారు గుర్తు తెచ్చుకోండి. ముందు తిత్తి ఊది గిన్నెను వేడి చేసేవాడు. నవాసారం చల్లి రుద్దేవాడు. ఆ తర్వాతనే తగరపు కడ్డీని వేడెక్కిన గిన్నెకు ఆనించేవాడు. గిన్నె వేడికే తగరం కరిగేది. దూదితో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెండిలాగ మెరిసేది.

ఇందులో మూడు సూత్రాలున్నాయి. అతుకు పడే చోటు శుభ్రంగా ఉండాలి. లోహాన్ని ముందు వేడి చేయాలి. ఆ లోహపు వేడికే తగరం కరగాలి. తగరం కరగడానికి కావలసింది 232 డిగ్రీలు. వేడి తక్కువైతే పట్టదు, మరీ ఎక్కువైతే మాడిపోతుంది. కళాయి సాయిబు దగ్గర థర్మామీటరు లేదు. ఆయన కళ్ళే ఆయన థర్మామీటరు. ఈనాడు రేడియో, ఇన్వర్టరు, సెల్‌ఫోను బోర్డుల మీద చేసే సోల్డరింగు సూత్రం కూడా ఇదే. పని మాత్రం చీమ తలంత చోట జరుగుతుంది. అంత చిన్న చోట వేడిని కంటితో కొలవలేము. అందుకే స్టేషన్ కావలసి వచ్చింది.

మామూలు ఐరన్‌తో చిక్కు ఏమిటి?

బజారులో దొరికే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఎందరో బతికారు. దాన్ని నేను తీసిపారేయడం లేదు. అయితే దానికి తన వేడి ఎంతో తనకు తెలియదు. ప్లగ్గు పెట్టింది మొదలు తీసేవరకు కాలుతూనే ఉంటుంది. స్టాండులో ఊరికే ఉన్నప్పుడు దాని మొన 400 డిగ్రీల దాకా కూడా పోవచ్చు. పెద్ద అతుకు మీద పెట్టగానే ఆ వేడి కాస్తా పడిపోతుంది. అంటే అక్కరలేనప్పుడు ఎక్కువ, అక్కర పడ్డప్పుడు తక్కువ.

దీనికి తోడు మన కరెంటు సంగతి మీకు తెలిసిందే. 230 వోల్టులకు చేసిన 25 వాట్ల ఐరన్, వోల్టేజి 180కి పడితే సుమారు 15 వాట్లే ఇస్తుంది. 250కి పెరిగితే దాదాపు 30 వాట్లు ఇస్తుంది. వోల్టేజి కొద్దిగా మారినా వేడి బాగా మారుతుంది. ఇక పనివాడు ఎంత నేర్పరి అయితే మాత్రం ఏం చేస్తాడు?

ఈ చిక్కును కొందరు అయస్కాంతంతో విప్పారు. లోహాన్ని ఒక హద్దు దాటి వేడి చేస్తే దాని అయస్కాంత గుణం పోతుందని పియరీ క్యూరీ 1895లో తన పరిశోధనలో వివరించాడు. వెల్లర్ కంపెనీవారు అదే సూత్రం మీద బిట్టు వెనుక ఒక లోహపు ముక్కను అమర్చారు. హద్దు వేడి రాగానే ఆ ముక్క అయస్కాంతాన్ని వదిలేస్తుంది, స్విచ్చి ఆగిపోతుంది. చల్లబడగానే మళ్ళీ పట్టుకుంటుంది. ఈనాటి స్టేషన్లలో ఈ కాపలా పనిని ఎలక్ట్రానిక్ సర్క్యూటు చేస్తున్నది. హ్యాండిల్ లోపల బిట్టు దగ్గరే వేడిని పసిగట్టే సెన్సరు ఉంటుంది. బిట్టు కాస్త చల్లబడగానే అది కబురు పంపుతుంది, వెంటనే హీటరుకు కరెంటు అందుతుంది. చాలా రకాలలో పెట్టె లోపలి ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను 24కు తగ్గిస్తుంది. కనుక చేతిలో పట్టుకునే హ్యాండిలుకు వచ్చేది తక్కువ వోల్టేజి మాత్రమే.

అమర్చుకునే పద్ధతి

మొదటిది చోటు. బల్ల కదలకూడదు. ఫ్యాను గాలి నేరుగా బిట్టు మీద పడకూడదు. కుడిచేతివాటం వారికి స్టాండు కుడివైపున ఉండాలి. వైరు పని మీదుగా అడ్డం పడకూడదు. పొగ ముఖానికి రాకుండా కిటికీ వైపు లాగే చిన్న ఫ్యాను పెట్టుకుంటే మంచిది.

రెండవది ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గునే వాడండి, మూడో పిన్ను విరగ్గొట్టి వాడే అలవాటు మానండి. ఆ సాకెట్టులో ఎర్తు నిజంగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఎర్తు మీ ప్రాణాన్నే గాక, సున్నితమైన ఐసీలను కూడా కాపాడుతుంది. స్టాటిక్ కరెంటు మనకు చురుక్కుమని కూడా తెలియకుండానే ఒక ఐసీని చంపగలదు.

మూడవది బిట్టు. కరెంటు ఆపి, చల్లగా ఉన్నప్పుడే బిగించాలి. నట్టును చేతితో బిగిస్తే చాలు. పట్టుకారుతో బిగిస్తే లోపలి పింగాణి హీటరు పగిలే ప్రమాదమున్నది. బిట్టు లోపల రాగి, పైన ఇనుపపూత. దాన్ని ఆకురాయితో గానీ, గరుకు కాగితంతో గానీ రుద్దవద్దు. పూత పోయిన బిట్టు కొద్ది రోజుల్లోనే గుంటలు పడిపోతుంది. మామూలు పనికి సూది మొన బిట్టు కన్న, ఉలిలాగ బల్లపరుపుగా ఉన్న బిట్టే మంచిది. వేడి దాని గుండా బాగా దిగుతుంది.

నాల్గవది స్పాంజి. దాన్ని నీళ్ళలో నానబెట్టి, బాగా పిండి పెట్టాలి. నీళ్ళు కారుతూ ఉంటే బిట్టు ఒక్కసారిగా చల్లబడుతుంది. ఇత్తడి పీచు ఉంటే ఇంకా మేలు.

కొత్త బిట్టును మొదట 250 డిగ్రీల దగ్గర పెట్టి, వేడెక్కుతుండగానే సోల్డరు తీగ ఆనించి పూత పట్టించాలి. ఆ తర్వాతనే అసలు పని.

ఎంత వేడి పెట్టాలి?

63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిసిన సోల్డరు 183 డిగ్రీలకు కరుగుతుంది. మరి 183కే పెట్టకూడదా అని మీరు అడగవచ్చు. బిట్టులోని వేడి కాలికీ, బోర్డుకూ పంచుకోవాలి కదా! అందుచేత 320 దగ్గర మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 350 దాకా పోవచ్చు. సీసం లేని సోల్డరు సుమారు 217 డిగ్రీలకు కరగడం మొదలవుతుంది. దానికి 350 నుండి 370 దాకా కావాలి. యూరప్ దేశాలలో 2006 జూలై 1 నుండి ఎలక్ట్రానిక్ వస్తువులలో సీసాన్ని కట్టడి చేశారు. అందువల్ల మన దగ్గరకు రిపేరుకు వచ్చే బోర్డులు ఎన్నో ఈ రకానివే.

అతుకు కరగడం లేదని వెంటనే వేడి పెంచేయకండి. ముందు పెద్ద బిట్టు వేసి చూడండి. 400 దాటించి పని చేస్తే బిట్టు నల్లబడుతుంది, బోర్డు మీది రాగి ట్రాకు లేచిపోతుంది. లేచిన ట్రాకును మళ్ళీ కూర్చోబెట్టడం చాలా కష్టం.

అతుకు వేసే తీరు

బిట్టును తుడవండి. అటు పార్టు కాలికీ ఇటు బోర్డు రాగికీ రెండింటికీ తగిలేటట్లు ఆనించండి. ఒక్క సెకను ఆగండి. సోల్డరు తీగను బిట్టుకు కాకుండా, ఎదుటి వైపు నుండి అతుక్కు అందించండి. అది నీరులా పారగానే ముందు తీగ తీయండి, తర్వాత బిట్టు తీయండి. అంతా రెండు మూడు సెకన్ల పని. గట్టిపడేవరకు కదపవద్దు, నోటితో ఊదవద్దు. మంచి అతుకు కాలి చుట్టూ చిన్న గుట్టలాగ వాలుగా దిగి ఉంటుంది. బంతిలాగ ఉబ్బి కూర్చుంటే అది పట్టలేదన్నమాట. సీసం ఉన్న అతుకు మెరుస్తుంది. సీసం లేనిది కొంచెం మబ్బుగా ఉంటుంది, దాన్ని చూసి చెడిపోయిందని భ్రమపడకండి.

పని అయిపోయాక బిట్టు మీద కొంచెం సోల్డరు ఉంచి అప్పుడు ఆపండి. ఇది మరిచినవారి బిట్టు త్వరగా పోతుంది.

ఒక మాట ఉన్నదున్నట్లు చెప్పాలి. ఈ స్టేషన్ అన్ని పనులకూ సరిపోదు. సెల్‌ఫోనులో కాళ్ళు కనిపించని ఐసీలు తీయాలంటే వేడి గాలి యంత్రం కావాలి. ఎల్‌ఈడీ బల్బుల అల్యూమినియం పలకల మీద పనికి అడుగునుండి వేడి చేసే పలక కావాలి. అయినా మొదటి మెట్టు మాత్రం ఇదే.

ఇంటివారికి మనవి

మనలో చాలామందికి ఇల్లూ, కొట్టూ ఒకటే గది. సోల్డరింగ్ పొగలో ఉండేది ముఖ్యంగా తీగ లోపలి రోజిన్ పొగ. ఏళ్ళ తరబడి పీలిస్తే ఉబ్బసం రావచ్చు. సీసం ఈ వేడికి ఆవిరై లేవదు గాని, చేతులకు అంటుకుని అన్నంతో పాటు లోపలికి పోతుంది. కనుక పని బల్ల దగ్గర టీ తాగవద్దు, తిండి తినవద్దు. సబ్బుతో చేతులు కడుక్కున్న తర్వాతనే పిల్లలను ఎత్తుకోండి. సోల్డరు తుంపులను ఇంట్లో ఊడ్చి వదలకుండా మూత ఉన్న డబ్బాలో వేయండి. గర్భవతులు సీసం ఉన్న సోల్డరు జోలికి పోకూడదు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలకు శత్రువు.

అమానతు

ఇక అసలు సంగతికి వస్తున్నాను. నెత్తి మీద ఒక్కటి కొడితే పలికే రేడియోలు, టీవీలు మీరంతా చూసినవే. అలా పలకడానికి తరచుగా కారణం డ్రై సోల్డరింగే. పైకి అతుకు ఉన్నట్లే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. కొట్టులో పని చేస్తుంది, డబ్బు చేతులు మారుతుంది, ఇంటికి పోయిన నాలుగు రోజులకు ఆగిపోతుంది. పాపం, ఆ గిరాకీ మళ్ళీ వస్తే మళ్ళీ డబ్బు పెట్టుకుంటాడు.

ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే, పైన పొడిగా ఉన్న గింజలు లోపల తడిగా తగిలాయి. ఆ తడిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వ్యాపారిని అడిగారు. డ్రై సోల్డరింగు ఆ రాశివంటిదే. గిరాకీ బోర్డు విప్పి చూడలేడు. చూసినా తెలుసుకోలేడు. తన వస్తువును మన చేతిలో అమానతుగా పెట్టి పోతాడు. అమానతును కాపాడాలంటే నిజాయితీ ఒక్కటే చాలదు, పనిముట్టు కూడా సరిగా ఉండాలి. తూకపురాయి సరిగా లేని కొట్టులో ఎంత మంచివాడు కూర్చున్నా తూకం తప్పుతుంది కదా!

హజ్రత్ దావూద్ అలైహిస్సలాం చేతిలో అల్లాహ్ ఇనుమును మెత్తబరిచాడు. వారు తమ చేతి కష్టం మీదనే భుజించారు. లోహంతో పనిచేసే మన పిల్లలకు అంతకన్న గొప్ప వంశపారంపర్యం ఏముంటుంది?

సంఘానికి నా మనవి

పని నేర్చిన ప్రతివారికీ తలా ఒక చవక ఐరన్ పంచడం సులువు. ఫోటో కూడా బాగుంటుంది. కాని అది ఆ పిల్లవాణ్ణి మళ్ళీ అదే వోల్టేజి దయకు వదిలివేయడమే. స్టేషన్ ధర ఐరన్‌కు కొన్ని రెట్లు ఉంటుంది, నిజమే. అందుచేత రెండు పనులు చేయవచ్చు. సంఘం గదిలో ఎర్తు, పొగ లాగే ఫ్యాను గల ఒక బల్ల మీద రెండు మూడు స్టేషన్లు అమర్చితే, నేర్చుకునేవారు వంతులవారీగా వాడుకుంటారు. చేయి తిరిగి, కొట్టు పెట్టుకోదలచినవారికి మాత్రం స్టేషన్‌ను కర్జె హసనాగా, వడ్డీ లేని అప్పుగా ఇచ్చి, వాయిదాల మీద తిరిగి తీసుకోవచ్చు. తిరిగి వచ్చిన సొమ్ముతో మరొకరికి కొనవచ్చు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట బిట్లు, హీటర్లు విడిగా దొరుకుతాయి. కనుక కొనేటప్పుడు విడిభాగాలు దొరికే రకమే ఎంచుకోండి. ఇత్తడి పీచు, మంచి సోల్డరు తీగ కూడా ఆ లెక్కలోనే చేర్చండి.

యువకులకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మొదటి నెల గిరాకీ వస్తువు ముట్టవద్దు. పాత పనికిరాని బోర్డులు తెచ్చుకుని రోజుకు యాభై అతుకులు తీసి, యాభై అతుకులు వేయండి. వేసిన ప్రతిదాన్నీ భూతద్దం కింద చూడండి. పట్టలేదనిపిస్తే మళ్ళీ వేయండి. గిరాకీ చూడడని వదిలేయవద్దు.

అల్లాహ్ మన చేతులకు నేర్పును, మన సంపాదనలో బర్కతును ప్రసాదించుగాక. ఆమీన్.  ఖుదా హాఫిజ్.