ఉగ్గుపాలతో పోసిన భయం



"ఊళ్లోకి పోతే తలొంచుకుని నడువు. కామందు కొడుకు కొట్టినా ఎదురు తిరగమాక." మన పేటల్లో ఈ మాట అనని తల్లి ఉందా? ఉగ్గుపాలతో భయం పోశాం. బిడ్డ బతకాలనే పోశాం. ఇది పిరికితనమనే పట్నం మేధావులు మన గడియల్లేని తలుపుల వెనక ఒక్క రాత్రి పడుకుని చూడాలి!

కారంచేడులో మంచినీళ్ల చెరువును పాడు చెయ్యొద్దన్నందుకు 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిన గొడవను పెంచి 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆనాటికి పుట్టని పిల్లలకూ ఆ భయం అంటింది. ఎట్లా? మనం గొంతు తగ్గించడం చూసి, కామందు ఎదురైతే మన చెయ్యి వాళ్ల చేతిని గట్టిగా పట్టుకోవడం చూసి.

మనం చెప్పేది సగం కథే. నరికింది చెబుతాం. మున్నంగి సువార్త బిందె ఎత్తింది చెప్పం. చీరాల చర్చి ఆవరణలో శిబిరం వేసి, ఇక ఆ ఊరు పోమని నిలబడ్డది చెప్పం. ఆ పోరులో దళిత మహాసభ పుట్టిందనీ, 1989లో అట్రాసిటీ చట్టం వచ్చిందనీ చెప్పం. జాగ్రత్త మానమని ఎవరూ అనడం లేదు. పిల్లలకు ఈ రెండో సగం కూడా చెప్పండి. ముందు ముసలమ్మలు మొదలెట్టండి, చూసినవాళ్లు మీరే గదా.