పేరు మారిన పాట

పాత పాటలను మనము రెండు విధములుగా వినుచుందుము. గడచిన ప్రాయమును తలచుకొనుటకు వినుట ఒకటి. ఆనాడు విని కూడ గ్రహింపలేకపోయినదానిని నేడైనను గ్రహించుటకు వినుట రెండవది. 1960వ దశకపు తొలి ఏండ్లలో దేశదేశములందు మారుమ్రోగిన జనరంజక గీతములలో ఈ రెండవ విధముగా వినదగినది ఒకటి కలదు. పాశ్చాత్య దేశములు దానిని ‘సుకియాకి’ అను పేర ఎరుగును.

సుకియాకి అనునది ఒక వంటకము. పలుచని మాంసపు ముక్కలను కూరలతో చేర్చి జపానువారు దానిని వండుకొందురు. పాటలో ఆ వంట ప్రసక్తియే లేదు. మన బసవరాజు అప్పారావుగారి గేయమునకు గుత్తివంకాయ పేరు తగును. ఏలయన ఆ కూర పాటలోనే ఉన్నది. ఇచ్చట అట్టి సంబంధమేమియు కానరాదు. జపాను భాషలో ఈ పాట పేరు ‘ఉయె ఒ ముయితె అరుకో’. తల పైకెత్తి నడచిపోదము అని దాని భావము. తల ఎత్తుట దేనికనగా, కంట నిండిన నీరు క్రింద పడకుండుటకు.

ఈ మాటలు వ్రాసినవారు రోకుసుకె ఎయి. 1960లో జపాను ప్రభుత్వము అమెరికాతోడి రక్షణ ఒడంబడికను సవరించి కొనసాగింపగా, దానిని ప్రతిఘటించుచు టోక్యో వీధులలో పెద్ద ఊరేగింపులు జరిగెను. ఒడంబడిక ఆగలేదు. ఆ ఉద్యమములో పాల్గొని నిరాశతో ఇల్లు చేరుచున్న ఎయిగారి మనస్సున పుట్టినది ఈ పాట. అయినను రాజకీయమును ఆయన ఒక్క మాటలోనైనను పెట్టలేదు. అందుచే ప్రియజనమును కోల్పోయినవారును, ఊరు విడిచినవారును దీనిని తమ పాటగానే భావింప వీలైనది. హచిదాయి నకమురా స్వరపరచగా, ఇరువదేండ్లయినను నిండని క్యు సకమొతో 1961లో దీనిని పాడెను.

జపానుకు వచ్చిన ఆంగ్లేయ రికార్డు కంపెనీ అధికారి ఒకరు ఈ పాట విని ముచ్చటపడి, కెన్నీ బాల్ జాజ్ బృందముచే మాటలు లేకుండ వాయింపించెను. అసలు పేరు తమవారి నోట తిరుగదని, తమకు తెలిసిన జపాను మాటనొకదానిని తగిలించిరి. పిమ్మట అమెరికాలో, వాషింగ్టను రాష్ట్రమందలి ఒక రేడియో కేంద్రము సకమొతో రికార్డును వినిపింపగా శ్రోతలు మరల మరల కోరసాగిరి. 1963 జూనులో అది బిల్‌బోర్డు పట్టికలో ప్రథమ స్థానమున మూడు వారములు నిలిచెను. జపాను భాషలోని పాటకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు.

అమెరికాతోడి ఒడంబడికను ఆపలేని దుఃఖమునుండి పుట్టిన పాటను అమెరికా ప్రజలే తలకెత్తుకొనిరి! వారిలో పెక్కుమందికి మాటలు తెలియవు. మరి ఏమి వినిరి? ఆ లేత గొంతులోని జీరను, అడుగు వెంట అడుగుగా సాగు లయను, మాటలు విడిచి వేసిన ఈలను వినిరి. ఈల వేయువాడు సంతోషముగా నున్నాడని ఎవరైనను తలంతురు. మేమును చాలకాలము దీనిని ఉల్లాసగీతమనియే అనుకొంటిమి. ఏడ్పు ఆపుకొనుటకు కూడ మనుజుడు ఈల వేయునని, అర్థము తెలిసిన పిమ్మటగాని మాకు తోచలేదు.

సకమొతో 1985 ఆగస్టు 12వ తేదీన, 520 మంది ప్రాణములు గొన్న విమాన ప్రమాదములో, 43 ఏండ్ల వయస్సున మరణించెను. పాట మాత్రము నిలిచినది. 2011లో భూకంపము, సునామీ జపానును కలచివేసిన పిమ్మట, ఆ దేశపు టెలివిజనులో గాయకులు, నటులు పలువురు వంతులవారీగా దీనినే పాడి వినిపించిరి. అర్ధశతాబ్దము గడచినను, కన్నీరు ఆపుకొనవలసిన దినమున వారికి జ్ఞప్తికి వచ్చినది ఈ పాటయే.

ఈ పాట మీ ఇంట మరల వినబడునపుడు, ఆ ఈల వచ్చువరకు ఓపికతో వినుడు. పిల్లలు పేరు అడిగినచో, వంటకము పేరు చెప్పక అసలు పేరే చెప్పుడు. మనకింత కాలము తోడున్న పాటకు మనము తీర్పగల ఋణము అంతమాత్రమే.